చిన్నకారు ఇంజిన్ సెన్సర్లు: లోపనిర్ధారణలో అనుమానప్రక్రియ

వ్యాససంగ్రహం

నేటి చిన్నకారులో ఇంజిన్ పనితీరును సెన్సర్ల కొలతల ఆధారంగా ఒక కంప్యూటర్ నియంత్రిస్తుంది. కొలతలలో తేడా కనిపించినప్పుడు అది ఒక లోపసంకేతాన్ని నమోదు చేసి, డాష్‌బోర్డుపై ‘చెక్ ఇంజిన్’ దీపాన్ని వెలిగిస్తుంది. సంకేతంలో ఏ సెన్సర్ ప్రస్తావన ఉంటే ఆ సెన్సర్‌ను మార్చివేయడం తరచుగా కనిపించే పద్ధతి. ఈ పద్ధతి ఎందుకు విఫలమవుతుందో, దానికి బదులుగా అనుసరించవలసిన క్రమం ఏమిటో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. లోపసంకేతం కంప్యూటర్ చేసిన అనుమానం మాత్రమేననీ, ఆ అనుమానం కొన్ని షరతులకు లోబడి మాత్రమే నిలుస్తుందనీ, ఆ షరతులను పరీక్షించడమే లోపనిర్ధారణ అనీ ఇందులో ప్రతిపాదించడమైంది. తర్కశాస్త్రంలోని ‘ఉపాధి’ అనే భావనను ఇందుకు సాధనంగా స్వీకరించడం జరిగింది.

కీలకపదాలు: ఇంజిన్ సెన్సర్లు, లోపసంకేతం, ఆక్సిజన్ సెన్సర్, ఇంధన సవరణ, అనుమానం, ఉపాధి, చిన్నకారు.

1. ఉపోద్ఘాతం

మధ్యతరగతి కుటుంబానికి చిన్నకారు ఒక పెద్ద పెట్టుబడి. అందులో చెక్ ఇంజిన్ దీపం వెలిగితే యజమానికి మొదట కలిగేది ఆందోళన. మెకానిక్ స్కానర్ తగిలించి, తెరపై కనిపించిన సంకేతాన్ని చదివి, ‘సెన్సర్ పోయింది’ అంటాడు. సెన్సర్ మారుస్తారు, దీపం ఆరుతుంది. వారం తిరిగేసరికి మళ్ళీ వెలుగుతుంది. ఈసారి మరొక సెన్సర్ మారుస్తారు. ఇలా రెండు మూడు మార్పులు జరిగాక అసలు కారణం ఎక్కడో తుప్పుపట్టిన ఎర్త్ తీగలోనో, పగిలిన రబ్బరు గొట్టంలోనో బయటపడుతుంది. అప్పటికి ఖర్చయిన డబ్బు తిరిగి రాదు, తొలగించిన మంచి సెన్సర్లూ తిరిగి రావు.

ఇందులో మెకానిక్ నిజాయితీ కంటే ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది. యంత్రం చెప్పిన మాటను మనం ఎలా అర్థం చేసుకుంటున్నాం? సంకేతాన్ని తీర్పుగా స్వీకరిస్తే ఆలోచన అక్కడితో ఆగిపోతుంది. దానిని ఒక సాక్షి వాంగ్మూలంగా స్వీకరిస్తే విచారణ అక్కడి నుంచే మొదలవుతుంది. సాక్షి ఏమి చూశాడు, ఏమి ఊహించాడు, అతని చూపునకు అడ్డం ఏమైనా ఉందా అన్న ప్రశ్నలు వేయవలసి వస్తుంది. ఈ వ్యాసం ఆ ప్రశ్నలను ఒక క్రమంలో అమర్చే ప్రయత్నం. మూడు సిలిండర్లు గల, సుమారు 800 నుంచి 1000 ఘనసెంటీమీటర్ల సామర్థ్యం ఉన్న పెట్రోలు ఇంజిన్‌ను ఇక్కడ నమూనాగా తీసుకోవడమైంది.

2. నేపథ్యం: కార్బ్యురేటర్ నుంచి కంప్యూటర్ వరకు

1983 డిసెంబరులో మారుతి 800 భారతీయ రహదారులపైకి వచ్చింది. దాని 796 ఘనసెంటీమీటర్ల, మూడు సిలిండర్ల ఇంజిన్‌లో గాలి, పెట్రోలు కలిసే పని కార్బ్యురేటర్‌లో జరిగేది. కార్బ్యురేటర్‌కు కొలతలు తెలియవు. గాలి ప్రవాహం వల్ల ఏర్పడే పీడనభేదమే పెట్రోలును లాగేది. లోపం వస్తే మెకానిక్ చెవితో విని, ముక్కుతో వాసన చూసి, ప్లగ్గు రంగును కంటితో పరిశీలించి కారణం పట్టుకునేవాడు.

కాలుష్య నియంత్రణ ఈ స్థితిని మార్చింది. 1995 ఏప్రిల్ నుంచి నాలుగు మహానగరాలలో కొత్త పెట్రోలు కార్లకు క్యాటలిటిక్ కన్వర్టర్ తప్పనిసరి అయింది. ఈ పరికరం పొగలోని మూడు రకాల కాలుష్యాలనూ ఏకకాలంలో తగ్గించాలంటే గాలి, పెట్రోలు ద్రవ్యరాశుల నిష్పత్తి 14.7:1 సమీపంలో నిలకడగా ఉండాలి. కార్బ్యురేటర్‌కు ఆ కచ్చితత్వం సాధ్యం కాదు. అందువల్ల ప్రతి సిలిండర్‌కూ విడిగా ఇంజెక్టర్ ఉండే ఎంపీఎఫ్‌ఐ పద్ధతి, దానిని నడిపే కంప్యూటర్, ఆ కంప్యూటర్‌కు సమాచారమిచ్చే సెన్సర్లు చిన్నకారులోకీ ప్రవేశించాయి. భారత్ స్టేజ్-4 ప్రమాణాల కింద కారు తన లోపాలను తానే గుర్తించి నమోదు చేసే ఓబీడీ వ్యవస్థ 2010లో తొలిదశగానూ, 2013లో రెండవదశగానూ అమలులోకి వచ్చింది. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన భారత్ స్టేజ్-6 ఈ పర్యవేక్షణను మరింత కట్టుదిట్టం చేసింది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. ఓబీడీ వ్యవస్థ పుట్టుక కాలుష్య పర్యవేక్షణ కోసం. ‘కాలుష్యం పెరిగే పరిస్థితి ఏర్పడింది’ అని హెచ్చరించడం దాని ప్రధాన ధర్మం. ఏ భాగం మార్చాలో చెప్పడం దాని పని కాదు. సంకేతాలను అపార్థం చేసుకోవడానికి ఈ భేదాన్ని మరచిపోవడం ఒక ముఖ్యకారణం.

3. సెన్సర్లు: అవి నిజంగా కొలిచేది ఏమిటి?

ప్రతి సెన్సర్ విషయంలోనూ రెండు అంశాలను వేరుచేసి చూడాలి. అది భౌతికంగా కొలిచేది ఒకటి. ఆ కొలత నుంచి కంప్యూటర్ ఊహించేది మరొకటి.

మ్యాప్ సెన్సర్ ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోని పీడనాన్ని కొలుస్తుంది. ఆ పీడనం, ఇంజిన్ వేగం, గాలి ఉష్ణోగ్రత కలిపి సిలిండర్లలోకి ఎంత గాలి వెళ్ళిందో కంప్యూటర్ లెక్కిస్తుంది. గాలి పరిమాణాన్ని ఏ సెన్సరూ నేరుగా కొలవడం లేదు. అనేక చిన్నకార్లలో ఇదే పద్ధతి.

కూలెంట్ ఉష్ణోగ్రత సెన్సర్ ఒక థర్మిస్టర్. వేడి పెరిగేకొద్దీ దాని నిరోధం తగ్గుతుంది. సాధారణంగా 20 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 2 నుంచి 2.7 కిలోఓమ్‌లు, 80 డిగ్రీల వద్ద సుమారు 300 ఓమ్‌లు ఉంటుంది. కంప్యూటర్ చూసేది ఉష్ణోగ్రతను కాదు, ఆ నిరోధం వల్ల ఏర్పడిన వోల్టేజీని. తీగ తెగితే నిరోధం అనంతమవుతుంది. అప్పుడు కంప్యూటర్‌కు అది సుమారు మైనస్ 40 డిగ్రీల చలిగా కనిపిస్తుంది.

థ్రాటిల్ పొజిషన్ సెన్సర్ థ్రాటిల్ పలక ఎంత తెరుచుకుందో చెబుతుంది. 5 వోల్టుల ఆధార విద్యుత్తుపై పనిచేసే ఈ సెన్సర్ మూసి ఉన్నప్పుడు అర వోల్టు ప్రాంతంలోనూ, పూర్తిగా తెరిచినప్పుడు 4 నుంచి 4.5 వోల్టుల ప్రాంతంలోనూ సూచించడం సాధారణం.

క్రాంక్ సెన్సర్ క్రాంక్ షాఫ్ట్‌తో తిరిగే పళ్ళచక్రాన్ని గమనించి ఇంజిన్ వేగాన్నీ, పిస్టన్ల స్థానాన్నీ తెలుపుతుంది. దీని సంకేతం లేనిదే స్పార్కు, ఇంధనం రెండూ ఆగిపోతాయి. కారు స్టార్ట్ కానప్పుడు ఆ రెండూ ఒకేసారి లేకపోతే ఈ సెన్సర్‌ను, దాని తీగలను మొదట పరిశీలించాలి. ఒకటి ఉండి మరొకటి లేకపోతే కారణం సాధారణంగా మరొకచోట ఉంటుంది.

ఆక్సిజన్ సెన్సర్ పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను బయటి గాలితో పోల్చి వోల్టేజీ పుట్టిస్తుంది. బాష్ సంస్థ రూపొందించిన ఈ సెన్సర్ 1976లో వోల్వో కార్లలో తొలిసారి వాడుకలోకి వచ్చింది. జిర్కోనియా రకం సెన్సర్ సుమారు 300 డిగ్రీలకు పైగా వేడెక్కిన తర్వాత పనిచేస్తుంది. పొగలో ఆక్సిజన్ ఎక్కువగా ఉంటే 0.1 వోల్టు ప్రాంతంలోనూ, తక్కువగా ఉంటే 0.9 వోల్టు ప్రాంతంలోనూ సూచిస్తుంది. మొదటిదాన్ని ‘పల్చని మిశ్రమం’ అనీ, రెండవదాన్ని ‘చిక్కని మిశ్రమం’ అనీ కంప్యూటర్ అర్థం చేసుకుంటుంది. సెన్సర్‌కు పెట్రోలు సంగతి తెలియదు. దానికి తెలిసింది ఆక్సిజన్ ఒక్కటే. ఈ వ్యాసంలోని వాదానికి ఈ ఒక్క వాక్యమే కీలకం.

4. లోపసంకేతం: నిర్మాణం, పరిమితి

లోపసంకేతంలో ఒక అక్షరం, నాలుగు స్థానాలు ఉంటాయి. ‘పి’ అనే అక్షరం ఇంజిన్, గేర్ల వ్యవస్థను సూచిస్తుంది. తరువాతి స్థానంలో 0 ఉంటే అది అన్ని సంస్థలకూ ఉమ్మడి సంకేతం, 1 ఉంటే తయారీసంస్థ సొంత సంకేతం. ఆ తర్వాతి అంకె ఉపవ్యవస్థను తెలుపుతుంది. 1 అయితే గాలి, ఇంధనాల కొలత. 3 అయితే ఇగ్నిషన్. 4 అయితే కాలుష్య నియంత్రణ. స్వభావాన్నిబట్టి ఈ సంకేతాలను మూడు తరగతులుగా విభజించుకోవచ్చు.

మొదటిది విద్యుత్ సంబంధమైనది. పి0117, పి0118 ఇందుకు ఉదాహరణలు. కూలెంట్ సెన్సర్ వలయంలో వోల్టేజీ ఉండవలసిన పరిధికి కిందికి లేదా పైకి పోయిందని వీటి అర్థం. సెన్సర్, రెండు తీగలు, కనెక్టర్, కంప్యూటర్ అన్నీ కలిసినదే ‘వలయం’. సంకేతం వలయాన్ని వేలెత్తి చూపుతుందే తప్ప అందులోని ఏ ఒక్క భాగాన్నీ కాదు.

రెండవది పొంతనకు సంబంధించినది. పి0106 ఇందుకు ఉదాహరణ. మ్యాప్ సెన్సర్ వోల్టేజీ పరిధిలోనే ఉంది కాని, థ్రాటిల్ స్థానం, ఇంజిన్ వేగం చెబుతున్నదానితో పొసగడం లేదని దీని అర్థం. ఇద్దరు సాక్షుల మాటలు కలవనప్పుడు వారిలో ఎవరు పొరబడ్డారో కంప్యూటర్ తేల్చలేదు.

మూడవది వ్యవస్థకు సంబంధించినది. మిశ్రమం పల్చబడిందని చెప్పే పి0171, సిలిండర్లలో మిస్సింగ్ ఉందని చెప్పే పి0300, క్యాటలిటిక్ కన్వర్టర్ సామర్థ్యం తగ్గిందని చెప్పే పి0420 ఈ తరగతివి. వీటిలో ఏ సెన్సరూ దోషిగా పేర్కొనబడలేదు. అయినా పి0171 కనిపించగానే ఆక్సిజన్ సెన్సర్‌ను మార్చడం పరిపాటి. వార్త తెచ్చినవాడిని శిక్షించడం వంటిదే ఇది.

5. ఉపాధి: తర్కశాస్త్రం అందించే సాధనం

పొగను చూసి నిప్పును ఊహించడం అనుమానానికి సుప్రసిద్ధమైన ఉదాహరణ. దీనిని తిరగవేస్తే ఏమవుతుంది? నిప్పు ఉంది కాబట్టి పొగ ఉందని అనవచ్చునా? అనకూడదని నైయాయికుల సమాధానం. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పు ఉంటుంది, పొగ ఉండదు. నిప్పు పొగను పుట్టించాలంటే తడికట్టెల సంబంధం ఉండాలి. ఆ మరుగున ఉన్న షరతునే ‘ఉపాధి’ అన్నారు. 17వ శతాబ్దికి చెందిన అన్నంభట్టు తర్కసంగ్రహంలోనూ ఈ ఉదాహరణే ఉపాధి నిరూపణకు ఉపయోగపడింది.

పి0171 సంకేతం వెనుక ఉన్న అనుమానాన్ని ఇదే చట్రంలో పెట్టి చూడవచ్చు. పొగలో ఆక్సిజన్ ఎక్కువగా ఉంది. కాబట్టి ఇంజిన్‌లోకి వెళ్ళిన మిశ్రమంలో పెట్రోలు తక్కువగా ఉంది. ఇది కంప్యూటర్ చేసే అనుమానం. ఇది సత్యం కావాలంటే కనీసం మూడు షరతులు నెరవేరాలి. సిలిండర్లలో దహనం పూర్తిగా జరగాలి. సిలిండర్‌కూ సెన్సర్‌కూ మధ్య బయటి గాలి చొరబడకూడదు. సెన్సర్, దాని తీగలు సవ్యంగా ఉండాలి.

మొదటి షరతు తప్పిన సందర్భం చూద్దాం. ఒక సిలిండర్‌లో ప్లగ్గు పనిచేయడం లేదు. ఆ సిలిండర్‌లోకి వెళ్ళిన పెట్రోలూ కాలలేదు, ఆక్సిజనూ ఖర్చు కాలేదు. రెండూ పొగగొట్టంలోకి వచ్చాయి. సెన్సర్ ఆక్సిజన్‌ను మాత్రమే చూసి, ‘పల్చగా ఉంది’ అంటుంది. నిజానికి పొగలో పచ్చి పెట్రోలు నిండి ఉంది. కంప్యూటర్ సెన్సర్ మాట నమ్మి మరింత పెట్రోలు పంపుతుంది. ఆ పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండి దానిని కాల్చివేస్తుంది. చెక్ ఇంజిన్ దీపం నిలకడగా కాక మిణుకుమిణుకుమంటే అది ఈ ప్రమాదానికి సూచన. అప్పుడు వేగం తగ్గించి, వీలైనంత త్వరగా కారును ఆపడం మంచిది. ఇక్కడ సెన్సర్ అబద్ధం చెప్పలేదు. అది చూసినది సత్యం, దాని నుంచి తీసిన నిర్ణయం అసత్యం. కొత్త సెన్సర్ బిగించినా అదే మాట చెబుతుంది.

దీన్నిబట్టి లోపనిర్ధారణకు ఒక నిర్వచనం ఏర్పడుతుంది. సంకేతం వెనుక ఉన్న అనుమానాన్ని వాక్యంగా రాసుకోవాలి. అది ఆధారపడిన ఉపాధులను జాబితా వేసుకోవాలి. సులువైన పరీక్షతో మొదలుపెట్టి ఒక్కొక్కదాన్నే ప్రత్యక్షంగా పరీక్షించాలి.

6. లోపనిర్ధారణ క్రమం

6.1. సాక్ష్యాన్ని భద్రపరచడం

సంకేతాన్ని చెరిపివేయడం మొదటి పని కాకూడదు. సంకేతం నమోదైన క్షణంలో ఇంజిన్ వేగం, ఉష్ణోగ్రత, భారం, కారు వేగం ఎలా ఉన్నాయో కంప్యూటర్ ‘ఫ్రీజ్ ఫ్రేమ్’ పేరుతో దాచి ఉంచుతుంది. సంకేతాన్ని చెరిపితే ఆ వివరాలూ, కంప్యూటర్ అంతవరకు నేర్చుకున్న ఇంధన సవరణలూ పోతాయి. అనేక సంకేతాలు వరుసగా రెండు ప్రయాణాలలో లోపం కనిపించాకే దీపాన్ని వెలిగిస్తాయి. కనుక చెరిపిన వెంటనే దీపం ఆరి ఉండడం బాగుపడిందనడానికి నిదర్శనం కాదు. స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల కనెక్టర్‌కు స్కానర్ తగిలించి, ముందుగా అన్నింటినీ రాసుకోవాలి.

6.2. చల్లని ఇంజిన్ పరీక్ష

రాత్రంతా నిలిపి ఉంచిన కారును ఉదయం స్టార్ట్ చేయకుండా, తాళం మాత్రం ఆన్ చేసి స్కానర్‌లో చూడాలి. కూలెంట్ ఉష్ణోగ్రత, లోపలికి వచ్చే గాలి ఉష్ణోగ్రత, బయటి ఉష్ణోగ్రత ఈ మూడూ కొద్ది డిగ్రీల తేడాతో సమానంగా ఉండాలి. రెండు కలిసి ఒకటి విడిపోతే విడిపోయినదానిపై అనుమానం పెట్టుకోవాలి. పైసా ఖర్చులేని ఈ పరీక్ష ఏ సంకేతమూ పట్టుకోలేని లోపాలను సైతం పట్టిస్తుంది.

ఇదే సమయంలో మ్యాప్ సెన్సర్ వాతావరణ పీడనాన్ని చూపాలి. అది ఊరి ఎత్తునుబట్టి మారుతుంది. సముద్రమట్టానికి దగ్గరగా ఉండే విశాఖపట్నంలో సుమారు 101 కిలోపాస్కల్‌లు, దాదాపు 540 మీటర్ల ఎత్తులో ఉండే హైదరాబాదులో సుమారు 95, 900 మీటర్ల ప్రాంతంలో ఉండే అరకులో సుమారు 91 ఉండాలి. పుస్తకంలో 101 అని ఉంది కదా అని హైదరాబాదులో 95 చూపుతున్న సెన్సర్‌ను తీసివేయడం తప్పు.

6.3. విద్యుత్ పునాది

థ్రాటిల్, మ్యాప్ సెన్సర్లు రెండూ సాధారణంగా 5 వోల్టుల ఆధార విద్యుత్తును పంచుకుంటాయి. వాటిలో ఒకదానిలో షార్ట్ ఏర్పడితే రెండింటి సంకేతాలూ ఒకేసారి వస్తాయి. సంబంధం లేని రెండు మూడు సెన్సర్లు ఒక్కరోజే చెడిపోవడం అరుదు. అందువల్ల వాటికి ఉమ్మడిగా ఉన్నదేమిటో ముందు వెతకాలి. సెన్సర్ల కనెక్టర్లను ఒక్కొక్కటిగా విప్పుతూ, ఏది విప్పినప్పుడు 5 వోల్టులు తిరిగి వచ్చాయో గమనిస్తే షార్ట్ ఉన్న చోటు తెలుస్తుంది.

ఎర్త్ పరీక్ష అంతకన్నా ముఖ్యం. ఇంజిన్ నడుస్తుండగా సెన్సర్ ఎర్త్ తీగకూ, బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్‌కూ మధ్య వోల్టేజీని మల్టీమీటర్‌తో కొలవాలి. అది 0.1 వోల్టుకు మించకూడదు. మించితే ఆ ఎర్త్‌ను పంచుకున్న సెన్సర్లన్నీ కొంత అధికంగా సూచిస్తాయి. పరిధి దాటని కారణంగా సంకేతం రాకపోవచ్చు, ఇంజిన్ మాత్రం సరిగా నడవదు.

రెండు తీగల కూలెంట్ సెన్సర్‌కు మరొక సులభమైన పరీక్ష ఉంది. కనెక్టర్ విప్పితే స్కానర్‌లో ఉష్ణోగ్రత మైనస్ 40 ప్రాంతానికి పడిపోవాలి. కనెక్టర్‌లోని రెండు టెర్మినళ్ళను చిన్న తీగతో కలిపితే అత్యధిక ఉష్ణోగ్రత కనిపించాలి. ఈ రెండూ జరిగితే తీగలు, కంప్యూటర్ బాగున్నట్టే, మిగిలినది సెన్సర్. కొన్ని కంప్యూటర్లు లోపం గుర్తించగానే అసలు కొలతకు బదులు ఒక ఊహావిలువను చూపుతాయన్న సంగతి దృష్టిలో ఉంచుకోవాలి. రేడియేటర్ ఫ్యాను అకస్మాత్తుగా తిరగవచ్చు కనుక చేతులు దూరంగా ఉంచాలి. 5 వోల్టులు అందే మూడు తీగల సెన్సర్లపై ఈ పరీక్ష చేయరాదు.

6.4. నడుస్తున్న ఇంజిన్: ఇంధన సవరణ చిత్రం

ఆక్సిజన్ సెన్సర్ మాటనుబట్టి కంప్యూటర్ పెట్రోలును ఎంత పెంచిందో, ఎంత తగ్గించిందో శాతంలో చూపేది ఇంధన సవరణ. అప్పటికప్పుడు చేసేది స్వల్పకాలికం, నేర్చుకుని నిలుపుకున్నది దీర్ఘకాలికం. రెండింటి మొత్తం 10 శాతం లోపల ఉంటే సాధారణంగా ఆందోళన అక్కరలేదు. ఒకే ఒక్క అంకెను కాకుండా, వేర్వేరు స్థితులలో ఆ అంకె ఎలా మారుతోందో చూడాలి.

ఐడ్లింగ్‌లో సవరణ ఎక్కువగా ఉండి, 2500 ఆర్‌పీఎం వద్ద తగ్గిపోతే, ఎక్కడో గాలి చొరబడుతోందని భావించవచ్చు. మొత్తం ప్రవాహం తక్కువగా ఉన్నప్పుడు చిన్న రంధ్రం ప్రభావం ఎక్కువ. ఐడ్లింగ్‌లో బాగుండి, ఎత్తు ఎక్కేటప్పుడు సవరణ పెరిగితే ఇంధన సరఫరాను అనుమానించాలి. పంపు బలహీనపడడం, ఫిల్టర్ మూసుకుపోవడం అందుకు కారణాలు కావచ్చు. అన్ని స్థితులలోనూ ఒకేలా ఉంటే కొలతలో పక్షపాతమో, ఇంధన స్వభావంలో తేడానో ఉండే అవకాశముంది.

మ్యాప్ సెన్సర్ గల చిన్నకారులో ఒక ప్రత్యేకత ఉంది. మానిఫోల్డ్ గొట్టం పగిలి గాలి లోపలికి వస్తే మానిఫోల్డ్ పీడనం పెరుగుతుంది. మ్యాప్ సెన్సర్ దానిని చూస్తుంది, కంప్యూటర్ తగినంత పెట్రోలు కలుపుతుంది. అందువల్ల మిశ్రమం పల్చబడడం కన్నా ఐడ్లింగ్ వేగం పెరగడమే ప్రధాన లక్షణంగా కనిపించవచ్చు. గాలి ప్రవాహాన్ని నేరుగా కొలిచే మాఫ్ సెన్సర్ గల కార్లలో మాత్రం అదే రంధ్రం పి0171కు దారి తీస్తుంది. ఒకే సంకేతానికి రెండు రకాల కార్లలో సంభావ్య కారణాల వరుస మారుతుందన్నమాట. ఒక కారులోని అనుభవాన్ని మరొక కారుకు అలాగే వర్తింపజేయడంలోని ప్రమాదం ఇదే.

7. ఒక ఉదాహరణ

పై క్రమాన్ని ఒక ఊహాత్మక సందర్భానికి అన్వయించి చూద్దాం. హైదరాబాదులోని ఒక మూడు సిలిండర్ల కారు. మైలేజి తగ్గిందని యజమాని ఫిర్యాదు. సంకేతం పి0171. ఆక్సిజన్ సెన్సర్‌ను ఒకసారి మార్చారు. సంకేతం తిరిగి వచ్చింది.

ఫ్రీజ్ ఫ్రేమ్ ప్రకారం సంకేతం ఐడ్లింగ్‌లో నమోదైంది. ఉదయపు పరీక్షలో ఉష్ణోగ్రతలు కలిశాయి, మ్యాప్ 95 చూపింది. ఎర్త్ వోల్టేజీ 0.03. ఇంతవరకు సాక్షులందరూ నమ్మదగినవారే. ఇంధన సవరణ ఐడ్లింగ్‌లో 21 శాతం, 2500 ఆర్‌పీఎం వద్ద 5 శాతం. అంటే గాలి చొరబాటు. కాని ఐడ్లింగ్ వేగం పెరగలేదు, మ్యాప్ పీడనమూ సాధారణంగానే ఉంది. గాలి ఇన్‌టేక్ వైపు నుంచి రావడం లేదని దీన్నిబట్టి తెలుస్తోంది.

ఇప్పుడు ప్లగ్గులు విప్పి చూస్తే మూడూ మసితో నల్లగా ఉన్నాయి. మిశ్రమం నిజంగా పల్చగా ఉంటే ప్లగ్గులు తెల్లబారాలి. సెన్సర్ పల్చన అంటోంది, ప్లగ్గు చిక్కన అంటోంది. ఈ వైరుధ్యమే విచారణకు మలుపు. యాక్సిలరేటర్‌ను ఒక్కసారి గట్టిగా నొక్కితే సెన్సర్ వోల్టేజీ వెంటనే 0.8 దాటింది, కనుక సెన్సర్ స్పందన బాగుంది. మూడు ప్లగ్గులూ ఒకేలా ఉన్నందున ఒక సిలిండర్ మిస్సింగ్ కూడా కాదు. మిగిలిన ఉపాధి ఒక్కటే. సిలిండర్‌కూ సెన్సర్‌కూ మధ్య గాలి చేరుతోంది.

చల్లని ఇంజిన్‌ను స్టార్ట్ చేసి చెవిపెట్టి వింటే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ దగ్గర ‘టక్ టక్’ మని సన్నని శబ్దం. వేడెక్కి లోహం వ్యాకోచించేకొద్దీ అది తగ్గిపోయింది. గ్యాస్కెట్ అంచున నల్లని మసిచార. పొగ అలలు అలలుగా వెళ్ళేటప్పుడు వాటి మధ్య ఏర్పడే అల్పపీడనం ఆ చీలికలోంచి బయటి గాలిని లోపలికి పీలుస్తోంది. సెన్సర్ ఆ గాలిలోని ఆక్సిజన్‌ను చూసింది. కంప్యూటర్ లేని కొరతను ఊహించి పెట్రోలు పెంచింది. మైలేజి అందుకే తగ్గింది. గ్యాస్కెట్ మార్చి, ఫ్రీజ్ ఫ్రేమ్‌లో ఉన్న స్థితిలోనే కారును మళ్ళీ నడిపి, సవరణ 3 శాతానికి దిగిందని చూసుకున్నప్పుడే నిర్ధారణ పూర్తయినట్టు.

ఇక్కడ స్కానర్‌తో పాటు కన్ను, చెవి కూడా పనిచేశాయి. కార్బ్యురేటర్ కాలపు మెకానిక్ నైపుణ్యం ఈ కాలానికీ అవసరమేనని ఈ ఉదాహరణ సూచిస్తోంది.

8. సంకేతం లేని లోపం, లోపం లేని తేడా

కూలెంట్ సెన్సర్ చెడిపోయే తీరులో అత్యంత చిక్కైనది పూర్తిగా చెడకపోవడం. ఇంజిన్ 85 డిగ్రీల వద్ద ఉండగా సెన్సర్ 50 చూపిందనుకుందాం. అది విద్యుత్ పరిధిలోనే ఉంది. కంప్యూటర్ ఇంజిన్ ఇంకా వేడెక్కలేదనుకుని పెట్రోలు ఎక్కువ పంపుతుంది. థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుపోయినా సెన్సర్ అదే 50 చూపుతుంది, అయితే అప్పుడు అది నిజమే చెబుతున్నట్టు. ఈ రెండింటినీ వేరుచేయడానికి స్వతంత్రమైన ప్రత్యక్షప్రమాణం కావాలి. థర్మోస్టాట్ గూడును ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో కొలిస్తే సందేహం తీరిపోతుంది.

దీనికి విరుద్ధమైన పరిస్థితి ఇంధనంలో మార్పువల్ల కలుగుతుంది. ఇప్పుడు దేశంలో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వాడుకలోకి వచ్చింది. ఇథనాల్‌లో స్వతహాగా ఆక్సిజన్ ఉంటుంది. దాని సంపూర్ణ దహనానికి గాలి 9:1 నిష్పత్తిలో సరిపోతుంది. అందువల్ల ఈ మిశ్రమ ఇంధనానికి అవసరమైన నిష్పత్తి 14.7 నుంచి సుమారు 13.5కు దిగుతుంది. అంటే అదే గాలికి శుద్ధ పెట్రోలుతో పోలిస్తే 8 నుంచి 9 శాతం అధికంగా ఇంధనం కావాలి. పాత అమరిక గల కారులో ఇంధన సవరణ అన్ని స్థితులలోనూ కొన్ని శాతాలు పెరిగితే అది కంప్యూటర్ తన పని తాను చేస్తున్నదానికి గుర్తు. అక్కడ మార్చవలసిన సెన్సర్ ఏదీ లేదు. అయితే అప్పటికే స్వల్పమైన లోపం ఉన్న కారులో ఈ అదనపు భారం సవరణను హద్దు దాటించి దీపాన్ని వెలిగించవచ్చు. అటువంటప్పుడు ఇంధనాన్ని నిందించి ఊరుకోవడమూ, సెన్సర్‌ను మార్చి ఊరుకోవడమూ రెండూ అసంపూర్ణమే.

9. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలను ఇలా క్రోడీకరించవచ్చు.

• లోపసంకేతం కాలుష్య పర్యవేక్షణ కోసం కంప్యూటర్ చేసిన అనుమానం. అది విచారణకు ఆరంభం.
• సెన్సర్ కొలిచేది వేరు, కంప్యూటర్ ఊహించేది వేరు. ఈ రెండింటి మధ్య ఉన్న ఉపాధులను గుర్తించడమే లోపనిర్ధారణలో ప్రధానమైన మేధోకృషి.
• ఒక కొలతను మరొక స్వతంత్రమైన కొలతతో సరిచూసుకోకుండా ఏ భాగాన్నీ మార్చకూడదు. భాగం మార్చడం పరీక్ష కాదు, పరీక్షల అనంతరం తీసుకునే నిర్ణయం.
• మరమ్మతు ఫలించిందనడానికి దీపం ఆరడం చాలదు. లోపం నమోదైన స్థితిలోనే మళ్ళీ పరీక్షించాలి.

ఈ అంశానికి బోధనాపరమైన ప్రాముఖ్యం కూడా ఉంది. తర్కాన్ని ప్రాచీన గ్రంథాలకు పరిమితమైన విద్యగానూ, మరమ్మతును చేతిపనికి పరిమితమైన విద్యగానూ మనం విడివిడిగా చూస్తున్నాం. తడికట్టెలను గురించి నైయాయికుడు వేసిన ప్రశ్న, ఎగ్జాస్ట్ గ్యాస్కెట్ దగ్గర చెవిపెట్టి మెకానిక్ వేసే ప్రశ్న ఒకే స్వభావం కలవి. ఐటీఐ, పాలిటెక్నిక్ విద్యార్థికి సంకేతాల పట్టికను కంఠస్థం చేయించడంతో ఆగకుండా, ప్రతి సంకేతం వెనుక ఉన్న అనుమానాన్ని తెలుగులో ఒక వాక్యంగా రాయించి, ‘ఇది ఎప్పుడు తప్పుతుంది?’ అని అడిగితే అతనికి ఆలోచించే పద్ధతి అలవడుతుంది. సంకేతాలు, సెన్సర్లు రేపు మారవచ్చు. ఆ ప్రశ్న వేయడం నేర్చినవాడికి కొత్త యంత్రం ముందు నిలబడడం కష్టం కాదు. చిన్నకారు యజమాని కష్టార్జితానికీ అదే రక్షణ.